ప్రశ్నలక్క ఊఁ అంది

ఆసుపత్రిలో ఆమెను అందరూ ప్రశ్నలక్క అనేవారు. కాన్పు గురించి గర్భిణులు ఏమేం నమ్ముతున్నారో కొలవడం ఆమె పని. ఒక్కో వాక్యం చదివి, 'అస్సలు నమ్మను' నుంచి 'పూర్తిగా నమ్ముతాను' దాకా వాళ్లు ఏ జవాబు చెబితే దానికి టిక్కు పెట్టాలి. తప్పనీ ఒప్పనీ అనకూడదు. అంటే మిగతా జవాబులు పాడవుతాయి. ఒక్కొక్కరినీ రెండు విడతలు అడగాలి, అసలు సంగతులు రెండో విడత అయ్యాకే చెప్పాలి. అందాకా ఏమన్నా ఊఁ కొట్టమని శిక్షణలో నేర్పారు.

మొదటి విడతలో టైలరమ్మ మెడలో టేపుతోనే వచ్చి కూర్చుంది.

"నేను నడుములు కొలుస్తా, మీరు నమ్మకాలు కొలుస్తారు. ఏదీ, మీ టేపు చూపించండక్కా."

ప్రశ్నలక్క నవ్వాపుకుని చదివింది. "పుట్టే ముందు బిడ్డ కదలడం మానేస్తుంది."

"పూర్తిగా నమ్ముతా. మా అత్త చెప్పింది. బయటికి రాబోయే ముందు బుద్ధిగా ఒదిగిపోతారట."

"నీ మొగుడూ అంతే. వాడు బుద్ధిగా ఉంది ఆ ఒక్కసారే," అంది పక్కనున్న అత్త.

"ఊఁ," అంది ప్రశ్నలక్క. టిక్కు పెట్టింది. తర్వాతి వాక్యం చదివింది.

ఇవాళ రెండో విడత. టైలరమ్మ నడుం పట్టుకుని బల్ల మీద కూలబడింది.

"ఎలా ఉన్నావమ్మా?"

"నాకేం, దుక్కలా ఉన్నా. వీడే బుద్ధిమంతుడైపోయాడు. మొన్నటిదాకా కుట్టుమిషన్ తొక్కినట్టు తొక్కేవాడు. నిన్నట్నుంచీ ఉలుకూ పలుకూ లేదు. ఇంక వచ్చేస్తాడు."

ప్రశ్నలక్క చేతిలో పెన్ను ఆగిపోయింది. మరుక్షణం టైలరమ్మను రెక్క పట్టుకుని లేపింది.

"మరి ప్రశ్నలు?"

"తర్వాత. పద."

వరసలో ఉన్నవాళ్లు గొణుగుతున్నా వినకుండా స్కానింగ్ గదిలోకి తోసుకెళ్లింది. డాక్టరమ్మ పొట్ట మీద ఒకచోట చూసింది, ఇంకోచోట చూసింది. మళ్లీ మొదటి చోటికే వచ్చింది. తర్వాత తెరను గోడవైపు తిప్పేసింది.

"గుండె ఆగిపోయిందమ్మా," అంది మెల్లగా.

గుమ్మంలో అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చతికిలబడింది. టైలరమ్మ ఏడవలేదు. ప్రశ్నలక్క వైపు చూసింది.

"ఆ రోజు నేను చెబితే మీరు ఊఁ అన్నారు కదక్కా. మీరే ఊఁ అన్నారని నిశ్చింతగా ఉన్నా."

వింటున్నానని అన్న ఊఁ అది. ఆ మాట ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

నొప్పులు మాత్రం అందరికీ వచ్చినట్టే వచ్చాయి. ప్రశ్నలక్క కాగితాలు అవతల పడేసి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. బిడ్డ బయటికొచ్చాక గదిలో ఎవరూ ఏడుపు కోసం చెవులు రిక్కించలేదు.

"సంచిలో చొక్కా ఉంది. తొడగండక్కా," అంది టైలరమ్మ కళ్లు మూసుకునే. "ఉజ్జాయింపుగా కుట్టా. సరిపోయిందా?"

ప్రశ్నలక్క తొడిగింది. చొక్కా చేతులు బిడ్డ వేళ్లు దాటి వేలాడుతున్నాయి. అలవాటు కొద్దీ గొంతులోకి ఊఁ వచ్చింది. మింగేసింది.

"లేదమ్మా. చేతులు పొడుగయ్యాయి."

టైలరమ్మ కళ్లు తెరిచి రెండు చేతులూ చాచింది.

"ఇటివ్వండి. సూదీ దారం సంచిలోనే ఉన్నాయి. మడిచి కుడతాను."