శుక్రవారం తోమని తొట్టి

మా ఇంట్లో శుక్రవారం వచ్చిందంటే తోమని వస్తువు ఉండదు. నా పుట్టిల్లు ఇత్తడి సామాన్ల దుకాణం, మెట్టినిల్లూ అదే. చింతపండు, బూడిద పట్టానంటే చెంబులో ముఖం చూసుకోవాల్సిందే. "వాసవాంబ చేతుల పడ్డ గిన్నె ఏడుస్తది" అని దబీర్‌పురాలో మా వాడకట్టంతా నవ్వుకునేది. నవ్వుకోనీ, నాకేం.

పందొమ్మిది వందల డెబ్బై ఆరులో మా ఆయన అమరనాథ్‌కు దుకాణంలోనే గుండెనొప్పి వచ్చింది. దవాఖానా నుంచి పంపేటప్పుడు డాక్టరు రెండు నెలలు ఇల్లు కదలొద్దన్నాడు, ఆ తర్వాత రోజూ కాస్త నడవమన్నాడు. ముప్పై ఏళ్లు గల్లా దగ్గర కూర్చున్న మనిషి కిటికీ పక్కన కుర్చీలో గోడకేసి చూస్తూ ఉండిపోయేవారు. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. గుమ్మం దాకా వెళ్తే వెనకాలే వెళ్లేదాన్ని.

పొద్దుపోవడానికి ఆయన చేపల తొట్టి చేయించుకున్నారు. చేసింది ఇస్సాకు. కంచన్‌బాగ్‌లో వెల్డింగు పని, సంతోష్‌నగర్‌లో ఇంటి వెనక చేపలు పెంచి అమ్ముతాడు. ఇనుప చట్రానికి అద్దాలు లప్పంతో బిగించాడు. అడుగున కాస్త చెరువుమట్టి, దాని మీద కడిగిన ఇసుక పరిచి నాచుమొక్కలు నాటాడు. పది రోజులు మొక్కలు నిలదొక్కుకున్నాకే గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కనే ఆరు చిన్న గప్పీ చేపల్ని వదిలాడు.

"ఇవి బతికితే నేను బతికినట్టే" అన్నారు మా ఆయన నవ్వుతూ. అని ఆయన మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

శుక్రవారం వచ్చింది. తొట్టి అద్దానికి పచ్చటి జిగురు, ఇసుక మీద చెత్త. నేను ఊరుకుంటానా? చేపల్ని చెంబులోకి తీసి, మొక్కలు పీకి, ఇసుకను ఏడు నీళ్లు కడిగాను. అద్దాలు తళతళలాడేలా తోమి, అన్నీ మళ్లీ పెట్టి, నల్లా నీళ్లు నింపాను. ఆదివారానికి రెండు చేపలు వెల్లకిలా తేలాయి. శుభ్రం చాలలేదేమో అనుకుని మరుసటి శుక్రవారం ఇంకా గట్టిగా తోమాను. మరో మూడు పోయాయి.

చచ్చిన చేపల్ని ఆయన ఆకులో చుట్టి దానిమ్మ మొదట్లో పెట్టి వచ్చి, అన్నం రెండు ముద్దలు తిని లేచారు. ఇక మిగిలింది ఒక్కటే, అదీ పొట్ట ఉబ్బిన ఆడది. ఇవి బతికితే నేను బతికినట్టే అన్న ఆయన మాట గుర్తొచ్చింది. ఆయన నిద్రపోతుండగా, చూపిద్దామని తొట్టి నీళ్లు కొన్ని బిందెలో పట్టుకుని రిక్షా ఎక్కి ఇస్సాకు ఇంటికి పోయాను.

అంతా విని ఇస్సాకు తల పట్టుకున్నాడు. "సావుకారమ్మా, నీళ్లు గట్ల మెరిస్తె చేపలు బతుకయి. నల్లా నీళ్లల్ల బ్లీచింగు మందుంటది, ఒకదినం బకెట్ల ఉంచినంకనే పొయ్యాలె. తొట్టిల పాత నీళ్లే వాటికి పానం. పదిహేను దినాలకొకసారి ఒక బకెట్ తీసి ఒక బకెట్ పొయ్యి, గంతే."

"మరి చెత్తో?"

"గది మొక్కలు తింటయి. నువ్వు చిటికెడు మేత ఎయ్యి, గంతకంటె ఎక్కువద్దు."

"ఇగ నేనేం జెయ్యాలె?"

"ఏం జెయ్యకు. చూస్కుంట కూసో."

ఏమీ చేయకుండా కూర్చోవడం మా అమ్మ నాకు నేర్పలేదు. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు కానీ, అది అనడానికే తేలిక. ఇస్సాకు తన తొట్టిలోంచి పాత నీళ్లు, గుప్పెడు బురద, నాలుగు మొక్కలు ఇచ్చాడు. అద్దంలా తోమిన నా బిందెలో ఆ పాచినీళ్లు ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చాను.

తర్వాత వచ్చిన శుక్రవారం ఇల్లంతా తోమాను, తొట్టిని ముట్టలేదు. దాని వైపు చూస్తే చేతులు దురద పెట్టేవి. ఆ పై శుక్రవారం ఇస్సాకు చెప్పినట్టు ఒక్క బకెట్ మార్చి ఊరుకున్నాను. మూడో శుక్రవారం పొద్దున్నే ఆయన పిలిచారు. "వాసవీ, గిట్ల రా."

పరుగెత్తాను. ఆయన అద్దానికి ముక్కు ఆనించి ఉన్నారు. మొక్కల మధ్య ఆవగింజలంత కళ్లు కదులుతున్నాయి. పది, పన్నెండు పిల్లలు. పొట్ట ఉబ్బిన తల్లి ఇప్పుడు సన్నగా పైన తిరుగుతోంది.

నాకు ఏడుపు ఆగలేదు. "మీ చేపల్ని సంపింది నేనే" అన్నాను.

"తెల్సు."

"తెల్సి ఎందుకు ఊకున్నరు?"

"చేతులు ఖాళీగుంటే నువ్వు ఏడుస్తవ్. దవాఖానల చూసిన. చేపలంటె మళ్ల తెచ్చుకుంటం."

నేనెంత పిచ్చిదాన్ని. నేను ఆయన్ని కాపాడుతున్నాననుకుంటే, ఆయన ఆ కుర్చీలోంచే నన్ను కాపాడుతూ వచ్చారు. ఆయన చేయి పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు.

"చెప్పులియ్యి. రెండు నెలలయింది, డాక్టర్ నడువుమన్నడు గదా. గా గల్లీ మూల నుక్కడ్ దాంక పోయొస్త" అన్నారు.

నేనూ వస్తానన్న మాట నాలుక దాకా వచ్చింది. మింగేశాను. చెప్పులు తుడిచి కాళ్ల దగ్గర పెట్టాను. ఆయన మెల్లగా, గోడ పట్టుకోకుండా నడిచి మలుపు తిరిగారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను, వెనకాల వెళ్లలేదు.