నాలుగో మంచంలో ఎవరు?

బోర్డు మీద ఆరు వెంటిలేటర్లకూ ఆరు కార్డులు వేలాడుతున్నాయి. ఎదురుగా స్ట్రెచర్ మీద లిఫ్ట్‌మాన్ తమ్ముడు ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు.

"ఒక్కటైనా చూడక్కా!" అన్నాడు లిఫ్ట్‌మాన్.

హెడ్‌నర్సు కార్డులన్నీ మళ్ళీ చదివింది. రోగులు ఒక్కసారిగా ముంచెత్తితే ఉన్న మిషన్లు ఎవరికివ్వాలో నిన్న రిహార్సల్ చేశారు. అందుకోసం ఊహించి రాసిన రోగుల కార్డులు కొన్ని ఇంకా తియ్యలేదు. పొద్దున్నే నిజమైన రోగులు వచ్చిపడ్డారు. వాళ్ళ కార్డులూ అక్కడే చేరాయి. ఇందులో మనుషులెవరు, కాగితాలెవరు?

ఐసీయూకి ఫోన్ చేసింది.

"నాలుగో మంచంలో రిటైర్డ్ టీచర్‌గారు, డెబ్బై ఏళ్లు. కేస్ షీటు నా చేతిలోనే ఉంది సిస్టర్," అన్నాడు రెండు రోజులుగా నిద్రలేని డాక్టరు.

"షీటు సంగతి సరే బాబూ, మనిషిని చూశారా?"

ఫోన్ పెట్టేసింది. స్ట్రెచర్ తోసుకుంటూ ఐసీయూకి పరుగెత్తింది. నాలుగో మంచం మీద దుప్పటి మడత కూడా నలగలేదు. డాక్టరు గబగబా గొట్టం వేసి మిషన్ తగిలించాడు. తమ్ముడి ఛాతీ నెమ్మదిగా లేచి దిగింది.

"మరి టీచర్‌గారిని ఎక్కడికి మార్చాలి సిస్టర్?" అన్నాడు డాక్టరు అయోమయంగా.

ఆమె డాక్టరు చేతిలోని షీటు తీసుకుని మడిచింది. నిన్న రిహార్సల్‌లో గంటన్నర వాదించి ఆ మంచం ఆయనకు ఇప్పించింది తనే.