అమ్మాజీ గారి అర

స్ఫూర్తి పనిచేసే ఆఫీసు ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ పైన ఉంది. సినిమాలకు సబ్‌టైటిల్స్ వేసే చిన్న కంపెనీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా హీరోలు అరిచే డైలాగులకు ఇంగ్లీషు మాటలు అతికించడం ఆమె ఉద్యోగం. 'అరలు' మాత్రం ఆమె సొంతం.

'అరలు' ఒక యాప్. అందరూ వాడే సోషల్ నెట్‌వర్క్‌లో రాతలన్నీ ఒకదాని కింద ఒకటి గుట్టగా వచ్చి పడతాయి. స్నేహితురాలి పెళ్ళి ఫొటో కింద ఎవరిదో రాజకీయం, దాని కింద నూనె ప్రకటన. స్ఫూర్తికి ఆ కలగాపులగం నచ్చేది కాదు. బీరువాలో బట్టలు సర్దినట్టు అవే రాతలు విడదీసి, స్నేహితులవి ఒక అరలో, వార్తలు ఒక అరలో, కొత్త సినిమాల సంగతులు ఇంకో అరలో ఉండాలి, అన్నీ పక్కపక్కన నిలువుగా కనిపించాలి, ఏ అరకు ఆ అర విడిగా జరగాలి అనుకుంది. రహమత్ నగర్‌లో తమ అద్దె ఇంట్లో, వాళ్ళమ్మ బాలమణి టీవీ చూస్తూంటే పక్కనే కూర్చుని నెలల తరబడి దాని కోడ్ రాసింది. అరలు సన్నగా ఉంటే తెలుగు ఒత్తులు కింది వరసలోకి దిగి ఇరుక్కునేవి. అది సరిచేసేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

దాన్ని వాడేవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో అందరికన్నా ఇష్టంగా వాడింది అమ్మాజీ గారు.

అమ్మాజీది ఏలూరు వైపు. భర్త పోయాక వెంగళరావు నగర్‌లో ఒక్కతే ఉంటోంది. కింది థియేటర్‌కి డబ్బింగ్ చెప్పడానికి వస్తుంది. తెర మీద ఏడ్చే తల్లుల్లో సగంమందికి గొంతు ఆవిడదే, మొహం మాత్రం ఎవరికీ తెలీదు. పని లేనప్పుడు మెట్లెక్కి పైకొచ్చి స్ఫూర్తి పక్కన కూర్చునేది. ఇంటినుంచి తెచ్చిన కజ్జికాయలు చేతిలో పెట్టి, "తినమ్మడూ, ఆ పెట్టెలోకి చూసీ చూసీ కళ్ళు లోపలికి పోయాయి" అనేది. స్ఫూర్తి ఆవిడ ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి 'అరలు' పెట్టి ఇచ్చింది.

ఆ ఏడు అమ్మాజీకి మొదటిసారి తెర మీద కనిపించే వేషం దొరికింది. ఆసుపత్రి మంచం మీద పడుకుని కొడుకు చెయ్యి పట్టుకునే తల్లి. ఒకే ఒక్క సీను. సినిమా విడుదలైన రోజు ఆవిడ పట్టుచీర కట్టుకుని పైకొచ్చింది.

"అమ్మడూ, నాకొక అర కొత్తది పెట్టవా? నా గురించి ఎవరైనా రాస్తే అందులోకి వచ్చేట్టు."

సినిమా పేరూ అమ్మాజీ పేరూ రెండూ ఉన్న రాతలు మాత్రమే వచ్చేలా స్ఫూర్తి ఒక అర పెట్టింది. రెండు రోజుల తర్వాత అమ్మాజీ ఫోను పట్టుకుని వచ్చింది.

"ఏంటమ్మా ఇది, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. నాది మాత్రం తెల్లగా ఉంటోంది. ఏదో రిపేరొచ్చినట్టుంది చూడు."

స్ఫూర్తి చూసింది. రిపేరేమీ లేదు. అర ఖాళీగా ఉందంటే ఖాళీగానే ఉంది. పేరును ఇంగ్లీషు అక్షరాల్లో వెతికింది, తల్లి పాత్ర అని వెతికింది, ఆసుపత్రి సీను అని వెతికింది. హీరో కన్నీళ్ళ గురించి జనం పేజీలకు పేజీలు రాశారు. అతను చెయ్యి పట్టుకుని ఏడ్చిన మనిషి గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. ఎవరూ రాయకపోతే అర ఎలా కనబడాలో తను ముందు ఆలోచించలేదు. అందుకే అది పాడైపోయినట్టు తెల్లగా కనిపిస్తోంది.

ఆ మాట చెప్పడానికి తలెత్తింది. అమ్మాజీ మొహంలో ఆశ చూసింది.

"అవునాంటీ, చిన్న బగ్గున్నది. జర టైమియ్యండి, ఠీక్ చేస్తా."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నెట్‌వర్క్‌లో కొత్త పేర్లతో ఖాతాలు తెరిచింది. ఒకరి పేరుతో "ఆ తల్లిగా చేసిన అమ్మాజీ గారు ఎవరో గానీ గుండె పిండేశారు" అని రాసింది. ఇంకొకరి పేరుతో "ఇన్నాళ్ళూ ఈవిడ ఎక్కడున్నారు?" అని రాసింది. రాస్తూంటే సంతోషంగానే ఉంది. అబద్ధమని అనిపించలేదు. నిజంగా ఎవరో అనాల్సిన మాటలే కదా, అనుకుంది. మర్నాడు అమ్మాజీ మెట్ల మీదనుంచే కేకేసింది. "బాగైందే! బాగైందే అమ్మడూ!"

అక్కడితో ఆపి ఉంటే ఎలా ఉండేదో. కానీ అమ్మాజీ రోజూ చూసుకునేది, రోజూ ఏదో ఒకటి ఉండాల్సి వచ్చేది. ఒకరోజు స్ఫూర్తి మధు అనే కుర్రాడిగా మారి, "మా అమ్మ కూడా దవాఖానలో ఇట్లనే నా చెయ్యి పట్టుకుని పోయింది. అమ్మాజీ గారిని చూస్తే మా అమ్మను చూసినట్టే ఉంది" అని రాసింది. ఆ రాత కింద అమ్మాజీ తనే జవాబు పెట్టింది. "నాయనా మధూ, మీ అమ్మ పేరేంటి? గుడిలో ఆవిడ పేరున దీపం పెడతాను."

స్ఫూర్తి ఆఫీసులో ఉంది. పక్క టేబుల్ వాళ్ళు పిలుస్తున్నారు. తొందరలో నోటికి వచ్చిన పేరు కొట్టేసింది. బాలమణి అని.

కొట్టాక చూసుకుంది. తుడిచేద్దామనుకునేలోపే అమ్మాజీ దండం గుర్తు పెట్టేసింది.

తర్వాతి వారం అమ్మాజీ కొత్త ఉత్సాహంతో వచ్చింది. ఆ సినిమా తీసినవాళ్ళ ఆఫీసు జూబ్లీహిల్స్‌లో ఉంది, ఇంకో సినిమా మొదలుపెడుతున్నారట. "జనం నా గురించి రాసినవి చూపిస్తే మళ్ళీ ఒక వేషం ఇవ్వరూ? నువ్వు కూడా రావాలి. ఆ అరలన్నీ పక్కపక్కన చక్కగా చూపించడం నాకు రాదు."

"ఎందుకాంటీ, ఊరికెనే అడగండి. వాళ్ళకు మీరు తెలుసు కద."

"అడిగితే ఎవరిస్తారమ్మా? చూపించాలి."

రానని చెప్పడానికి కారణం చెప్పాలి. కారణం చెప్పే ధైర్యం లేక స్ఫూర్తి వెళ్ళింది.

కొండ మీద పెద్ద బంగళా, కింది అంతస్తంతా ఆఫీసు. పబ్లిసిటీ చూసే రామకృష్ణ అనే ఆయన లోపల గదిలోకి పిలిచాడు. అక్కడ మరో ముగ్గురు కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు. ఆయన మర్యాదగానే టీ తెప్పించాడు. స్ఫూర్తి ఫోనులో అరలు చూసి ముచ్చటపడ్డాడు.

"ఈ యాప్ నువ్వే చేశావా? బాగుందే! మాకిలాంటిదే కావాలి. ఏదీ, ఆ గోడ మీద టీవీకి కలుపు."

టీవీ మీద అరలు నిలువునా పరుచుకున్నాయి. హీరో పేరున్న అరలో రాతలు జలజలా దిగుతున్నాయి. పక్కన అమ్మాజీ అర. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని వేలు పెట్టి చూపించింది. "అదిగోనండీ, అది నాది."

రామకృష్ణ ఒకటి చదివాడు, రెండోది చదివాడు. ఫోను తీసుకుని రాసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ నొక్కాడు. ప్రతివాళ్ళూ సినిమా వచ్చాకే ఖాతా తెరిచారు. ప్రతివాళ్ళూ అమ్మాజీ గురించి తప్ప మరి దేని గురించీ రాయలేదు. ఆయన నవ్వు ఆపుకుంటూ ఫోను బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఇవి ఎవరిచేత రాయించారు?"

"రాయించడమేంటండీ?"

"ఇలా దొంగ పేర్లతో రాయించడం మేం చేసే పనేనమ్మా. మాకు తెలీదా?" కంప్యూటర్ల దగ్గరున్న వాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు. రామకృష్ణ గొంతు తగ్గించి దయగా అన్నాడు. "మీ వయసుకి ఇవన్నీ ఎందుకు చెప్పండి? వేషం కావాలంటే వచ్చి అడిగితే సరిపోయేది కదా."

అమ్మాజీకి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక మెడనుంచి పైకి ఎర్రబడింది. స్ఫూర్తి వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మడూ. నేనెవరిచేతా రాయించలేదని చెప్పు."

అందరూ స్ఫూర్తిని చూశారు. ఆమె టీవీ తీగ వైపు చూసింది. స్ఫూర్తి కంపెనీకి సబ్‌టైటిల్స్ పని ఇచ్చేది ఈ ఆఫీసే. కానీ ఆ క్షణంలో అది కూడా గుర్తుకు రాలేదు. ఆ నలుగురి కళ్ళు తనమీదికి రాకూడదు, అంతే.

"నాకు తెల్వదు సార్," అంది. "నేను యాప్ చేసిన, గంతే."

ఇద్దరూ ఆటో ఎక్కారు. చెక్‌పోస్టు దాటి యూసుఫ్‌గూడ వైపు దిగుతూండగా అమ్మాజీ అడిగింది.

"ఆయన చెప్పింది నిజమేనేమో. ఎవరో నన్ను ఆట పట్టించి ఉంటారు. కానీ ఆ మధు మాత్రం అలాంటివాడు కాదు కదూ? తల్లి పోయిన బిడ్డ."

ఆటో స్పీడ్‌బ్రేకర్ మీద ఎగిరిపడింది.

"నేనే రాసిన ఆంటీ."

"ఏంటీ?"

"అన్నీ నేనే రాసిన. మీ అర పాడు కాలే. ఎవ్వరూ రాయలే, అందుకే ఖాళీగుండె. మీకు చెప్పబుద్ధి కాలే."

అమ్మాజీ ఆమె వైపు చూడలేదు. ఎదురుగా డ్రైవరు వీపు చూస్తూ, చాలా నెమ్మదిగా అడిగింది. "మరి బాలమణి ఎవరు?"

"మా అమ్మ."

"మీ అమ్మ ఉందిగా?"

"ఉన్నది. తొందరల గదే పేరొచ్చింది. కావాలని రాయలే ఆంటీ."

"ఉన్న తల్లిని చంపేశావా తల్లీ!" అమ్మాజీ గబుక్కున పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోయిన మనిషి ఆత్మకు శాంతి కలగాలని ఆవిడ పేరున దీపం పెట్టాను. పూజారి అడిగితే చనిపోయిందనే చెప్పాను. నా చేత ఎంత పని చేయించావు..."

స్ఫూర్తి ఏడ్చింది. అమ్మాజీ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. ఇంటిముందు దిగుతూ ఒక్క మాటంది. "రేపు మళ్ళీ గుడికెళ్ళి మీ అమ్మ ఆయుష్షు కోసం అర్చన చేయిస్తాను. గోత్రం తెలిస్తే చెప్పి పంపు."

ఇంట్లో బాలమణి వేడన్నం వడ్డించి పక్కన కూర్చుంది. "గట్లున్నవేంది? కడుపు నొస్తుందా?" అని నుదురు మీద చెయ్యి పెట్టింది. స్ఫూర్తి ఆ చెయ్యి పక్కకు తీసి, కంచం ముందునుంచి లేచిపోయింది.

మర్నాడు ఆమె ఒక్కతే జూబ్లీహిల్స్ వెళ్ళింది. రామకృష్ణ ముందు నిలబడే చెప్పింది.

"సార్, నిన్న నేను అబద్ధమాడిన. అవన్నీ నేనే రాసిన. అమ్మాజీ గారికి ఏం తెల్వదు."

ఆయన కోప్పడతాడనుకుంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా నవ్వాడు. "నువ్వా? మా వాళ్ళు ఇంతమంది ఉన్నారు, ఒక్కడికీ ఇంత సహజంగా రాయడం చేతకాదు. ఆ మధు రాసింది చదివి నాకే కళ్ళు చెమర్చాయి. ఇక్కడ చేరతావా?"

నిన్న తెలియదని తప్పించుకున్నప్పటికన్నా ఆ మెప్పు విన్నప్పుడే ఆమెకు ఎక్కువ సిగ్గేసింది. వద్దని తలూపింది. "ఆంటీకి ఒక్కసారి ఫోన్ చేసి చెప్పండి సార్. ఆమె తప్పు లేదని మీకు తెలిసిందని చెప్పండి. చాలు."

ఆమె కదలకపోయేసరికి ఆయన విసుగ్గా ఫోను తీసి స్పీకర్ పెట్టాడు.

"అమ్మాజీ గారూ, నిన్నటి సంగతి వదిలేయండమ్మా. అవి రాసింది మీ స్ఫూర్తేనట కదా. ఇప్పుడే వచ్చి చెప్పింది."

అవతలినుంచి ఆ గొంతు, హాల్లో జనాన్ని ఏడిపించే ఆ గొంతు, ఏ వణుకూ లేకుండా వినబడింది.

"దానికేం తెలుసండీ, చిన్నపిల్ల. నేనే రాయమన్నాను. వాళ్ళ కంపెనీకి మీరిచ్చే పని ఆపకండి. దాన్నేమీ అనకండి."

"కాదు ఆంటీ!" అని స్ఫూర్తి అరిచేసరికే ఫోను పెట్టేసిన చప్పుడైంది. రామకృష్ణ భుజాలెగరేసి, "మీలో మీరు తేల్చుకోండి," అన్నాడు.

స్ఫూర్తి ఆ ఖాతాలన్నీ తీసేసింది. ఖాళీగా ఉండే అరల్లో "ఇక్కడ ఇంకా ఎవరూ ఏమీ రాయలేదు" అనే వాక్యం కనబడేలా యాప్‌ను మార్చింది. వెంగళరావు నగర్ వెళ్ళి రెండుసార్లు తలుపు కొట్టింది. రెండుసార్లూ తాళం వేసి ఉంది. ఆ బంగళా నుంచి అమ్మాజీకి వేషం రాలేదు. కింది థియేటర్‌లో మాత్రం ఆవిడ గొంతు మునుపటిలాగే వినబడేది. ఒక్కోసారి స్ఫూర్తి ముందున్న తెర మీదే ఆ ఏడుపుకు ఇంగ్లీషు మాటలు అతికించాల్సి వచ్చేది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం థియేటర్ గుమ్మంలో ఇద్దరూ ఎదురుపడ్డారు. అమ్మాజీ గొడుగు విప్పుతోంది. స్ఫూర్తిని చూసి ఆగింది. మొహంలో కోపమేమీ లేదు.

"బాగున్నారా?" అంది. "మీ అమ్మగారు కులాసానా?"

ఎప్పుడూ లేని ఆ 'మీరు' విని స్ఫూర్తి తల దించుకుంది. "బాగున్నదండీ," అంది. ఆంటీ అనడానికి నోరు రాలేదు.

"జాగ్రత్తగా చూసుకోండి," అని అమ్మాజీ వానలోకి దిగి ఆటో కోసం చెయ్యెత్తింది. నీళ్ళ గుంట దాటేటప్పుడు ఆవిడ కాలు కొంచెం తడబడింది. స్ఫూర్తి పట్టుకోబోయి, పట్టుకోవచ్చో లేదో తెలియక, చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.