ఎడమకు ఒరిగిన గుట్ట

నేను ఒక మేకుల పలకను. పాలకొల్లు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో, స్టాటిస్టిక్స్ చెప్పే గదిలో, బీరువా మీద ఉంటాను. నా కథ చెప్పేముందు ఒక మాట కక్కేస్తాను, లేకపోతే నా కడుపుబ్బరం తగ్గదు. ఒక పచ్చడి జాడీ అంటే నాకు అస్సలు గిట్టదు. నా గురించి చెబుతానని మొదలుపెట్టినా దాని సంగతే ఎక్కువ వచ్చేట్టుంది. కుళ్లు అలాంటిది మరి.

నన్ను చేయించింది భీమశంకరం మాస్టారు, చేసింది వీర్రాజు అనే వడ్రంగి. టేకు చెక్క మీద వరసలు వరసలుగా మేకులు, ముందు అద్దం, పైన గరాటు, అడుగున సన్నటి అరలు. గరాటులో సైకిలు బేరింగు గుళ్లు పోస్తే ఒక్కొక్కటీ మేకు తగిలినప్పుడల్లా కుడికో ఎడమకో తప్పుకుంటూ కిందికి దిగుతుంది. ఏది ఎటు పోతుందో ఎవరి తరమూ కాదు. అన్నీ దిగాక చూస్తే మాత్రం నడిమి అరల్లో ఎత్తుగా, అంచుల్లో పలచగా, చక్కటి గుట్ట.

“ఒక్క గుండు సంగతి దేవుడికే తెలియాలర్రా. గుంపు సంగతి మాత్రం మనం చెప్పొచ్చు,” అనేవారు మాస్టారు. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవారు. నాకు ఒళ్లు పొంగేది.

నాలో ఒక లోపం ఉంది. పెళ్లిళ్ల రోజుల్లో, మంచాల పని మీద పడిన తొందరలో, వీర్రాజు నా ఎడమ పాదం కాస్త కురచగా కోశాడు. ఉన్నదున్నట్టు నిలబెడితే గుట్ట ఎడమకు ఒరిగిపోతుంది. మాస్టారు మొదటి రోజే కనిపెట్టారు, ఎవరికీ చెప్పలేదు. ఒక శుభలేఖ మడిచి చొక్కా జేబులో ఉంచుకుని, పిల్లలు పుస్తకాలు తీసే సందడిలో నా కాలి కింద దోపేవారు. గంట కొట్టగానే తీసి మళ్లీ జేబులో వేసుకునేవారు. నా పరువు ఆయన జేబులో ఉండేది. ఆయన రిటైరైనప్పుడు అది కూడా ఆయనతోనే వెళ్లిపోయింది.

ఆయన స్థానంలో ఇందుమతి మేడం వచ్చింది. వచ్చిన ఏడాదే పెద్ద గండం. ప్రిన్సిపాల్ మా గది గుమ్మంలో నిలబడి చెప్పాడు.

“చూడండమ్మా, ఈ వారంలో పిల్లలు గ్రూపు మార్చుకోవచ్చు. సగం బెంచీలు ఖాళీ అయ్యాయంటే స్టాటిస్టిక్స్ ఎత్తేస్తాం. గది కంప్యూటర్లకి ఇచ్చేస్తాం. ఈ పాత చెక్కలూ అవీ తీసి అవతల పారేయించండి.”

పాత చెక్క అంటే నేనే. ఇక మేడం నన్ను కిందికి దింపుతుంది, నా గుట్ట చూసి ఒక్కరు కూడా కదలరు, అనుకున్నాను. మర్నాడు ఆవిడ చంకలో జాడీ పెట్టుకుని వచ్చింది. ఆ జాడీకి ఒక తీరూ లేదు, తెన్నూ లేదు. పైన పసుపు, కింద బూడిద రంగు. ఎంత కడిగినా పోని ఆవకాయ నూనె కంపు. అడుగైనా సమంగా లేదు, చెయ్యి తగిలితే ఊగుతుంది. దాన్ని తెచ్చి నేను నిలబడే బల్ల మీద, నేను నిలబడే చోట పెట్టింది! నా కళ్లలో నిప్పులు పోసినట్టయింది.

పిల్లలు రాకముందే ఆవిడ జాడీలో ఉత్త చింతగింజలు పోసింది. వాటి పైన గోళ్లరంగు పూసిన గులాబి గింజలు పోసింది. కంగారులో ఉంది పాపం, కలపడం మరిచిపోయింది. నేను చూశాను. గ్రూపు పోతే నేనూ చెత్తలోకే పోతానని నాకు తెలుసు. అయినా సరే, ఆ జాడీ నలుగురిలో నవ్వులపాలైతే చాలనిపించింది.

“జాడీ మొత్తం గుమ్మరించి లెక్కపెట్టకుండా, ఇందులో రంగువి ఎన్ని వంతులో చెప్పాలి. ఒక్కొక్కరూ చూడకుండా పది గింజలు తియ్యండి. లెక్కపెట్టి మళ్లీ వేసెయ్యండి,” అంది మేడం.

మొదటి పిల్లాడికి ఎనిమిది గులాబివి వచ్చాయి. తర్వాతి అమ్మాయికి తొమ్మిది. ఆ తర్వాత మళ్లీ ఎనిమిది. పదింటికి మూడే ఉండేలా పోసిన మేడం ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెనక బెంచీలో ఎవడో “కంప్యూటర్లకి పోదాం పదరా” అన్నాడు. నేను లోలోపల చంకలు గుద్దుకున్నాను.

అప్పుడు సత్యభవాని అనే అమ్మాయి లేచింది. వాళ్లింట్లో పచ్చళ్ల వ్యాపారం.

“మేడం, దీన్ని తిరగ కలపలేదేమోనండి. ఆవకాయ పెట్టాక మూడో రోజున అడుగు నుంచి తిరగెయ్యాలి గదండి. పైపైన ముక్క తీసి ఉప్పు చూస్తే మా అమ్మ ఒప్పుకోదండి.”

మేడం గట్టిగా నవ్వేసింది. “నిజమేనమ్మా, నేనే కలపలేదు. రా, తిరగెయ్యి.”

భవాని మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి తిప్పింది. మళ్లీ తీశారు. రెండు, మూడు, నాలుగు, మూడు, ఒకటి, మూడు. ఎవరి లెక్క వాళ్లదే. ఒక్కొక్కరి లెక్కకీ మేడం నల్లబల్ల మీద ఒక సుద్ద గుర్తు వేస్తూ పోయింది. గుర్తు మీద గుర్తు పేరుకుంది. మూడు దగ్గర ఎత్తుగా, అటూ ఇటూ పలచగా. నా గుట్ట! పచ్చడి జాడీ నా గుట్టను కాజేసింది!

మేడం అప్పుడు నా వైపు చూసింది. నన్ను దింపి, దుమ్ము తుడిచి, “ఈ గుట్టకి చుట్టం ఉందర్రా,” అంటూ గుళ్లు పోసింది. నా కాలి కింద ఏమీ లేదు. గుట్ట ఎడమకు ఒరిగింది. గదంతా గొల్లున నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను.

భవాని వంగి చూసింది. “దీని కాలు కురచండి, మేడం.”

“చూశారా? కలపకపోతే జాడీ తప్పు చెప్పింది. ఒరిగి ఉంటే ఇది తప్పు చెప్పింది. రెండూ అబద్ధమాడలేదు, మనమే సరిగ్గా అడగలేదు. ఎవరైనా లెక్క చెబితే, ముందు జాడీ కలిపారా, కాలు సమంగా ఉందా అని అడగండి. ఈ ఏడాదంతా మనం నేర్చుకునేది అదే.”

ఆ వారం గడిచినా బెంచీలు నిండే ఉన్నాయి. గది మాకే మిగిలింది. అందరూ జాడీనే మెచ్చుకున్నారు.

మరుసటి ఏడు మొదటి క్లాసు చూడ్డానికి భీమశంకరం మాస్టారు వచ్చారు. బల్ల మీద జాడీ, దాని పక్కన నేను. నా గుట్ట ఎడమకు ఒరగగానే ఆయన చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్లింది. అదే శుభలేఖ! ఇన్నాళ్లూ దాచుకున్నారు! నా ప్రాణం లేచొచ్చింది.

“వద్దండి మాస్టారూ,” అంది మేడం మెల్లిగా. “ఎందుకు ఒరిగిందో పిల్లలే కనిపెట్టాలండి.”

ఆయన నా వైపు తిరిగారు. “నేను ఏనాడూ ఒరగనివ్వలేదమ్మా,” అన్నారు. తర్వాత నవ్వుకుని, చిన్నపిల్లాడిలా జాడీలో చెయ్యి పెట్టారు. అది ఊగింది. ఆయన ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో ఆ శుభలేఖను దాని అడుగున దోపారు. నా శుభలేఖను!

అప్పటి నుంచి ఆ జాడీ ఊగడం లేదు. నేను ఏటా ఎడమకు ఒరిగి పాఠం చెబుతున్నాను. ఏటా ఎవరో ఒక పిల్ల వంగి, నా కురచ పాదాన్ని వేలితో తడిమి, “ఇదిగో, ఇదండి!” అని అరుస్తుంది. అప్పుడు అన్నీ మరిచిపోతాను. అంతలో జాడీ కింద నుంచి ఆ శుభలేఖ పసుపు అంచు కనిపిస్తుంది, మళ్లీ కడుపు మండుతుంది.