ఎనిమిది కన్నాల పడవ

నేను ఒక పడవని. అలా అంటే మా పేటలో కొందరు పెద్దలు ఇప్పటికీ ఒప్పుకోరు. చెక్క లేదు, తెడ్డు లేదు, ఇంజను లేదు, సైకిలు తొక్కినట్టు కూర్చుని తొక్కేదాన్ని పడవ అనడమేమిటని వాళ్ల అభ్యంతరం. నన్ను అమ్మినవాళ్లు కయాక్ అన్నారు. పేటలో తొక్కుడు పడవ అంటారు. ఏమని పిలిచినా నేను పలుకుతాను, సముద్రంలో దింపితే చాలు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఎక్కడో సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ పొడిని ఇనుప అచ్చులో పోసి, పెద్ద పొయ్యిలో గిరగిరా తిప్పుతూ కాల్చారు. చల్లారాక తీస్తే పన్నెండడుగుల పొడుగున, పసుపు రంగులో, లోపలంతా డొల్లగా నేను. నా మధ్యలో రెండు పెడళ్లు, పొట్ట కింద రెండు రబ్బరు రెక్కలు అమర్చారు. పెడళ్లు తొక్కితే ఆ రెక్కలు అటూ ఇటూ ఆడి నన్ను ముందుకి నెడతాయి. ఇంకొకటి, అచ్చులోనే పైనుంచి కిందికి గొట్టాల్లా ఎనిమిది కన్నాలు వదిలారు. ఆ కన్నాల సంగతి గుర్తుంచుకోండి. నా కథంతా వాటిలోంచే కారింది.

నా మొదటి యజమాని విశాఖపట్నంలో అయిదో అంతస్తులో ఉండే ఒక పెద్దమనిషి. లిఫ్టులో పట్టకపోతే నలుగురి చేత మెట్ల మీద మోయించాడు. నా మీద కూర్చుని టోపీ పెట్టుకుని ఫొటోలు దిగాడు. బాల్కనీలోనే లెండి. వచ్చే ఆదివారం సముద్రానికి వెళ్దామని రెండేళ్లపాటు ప్రతి ఆదివారం అన్నాడు. చివరికి ఆయన భార్య నా ఒళ్లో కరివేపాకు కుండీలు పెట్టింది. ఆ నీళ్లు ఎనిమిది కన్నాల్లోంచి కారి కింది వాటా వాళ్ల ఉతికిన బట్టల మీద పడ్డాయి. గొడవ ముదిరింది. నన్ను బీచి రోడ్డు పక్కన, పాత పడవలు అమ్మే దుకాణానికి దింపేశారు. పడవగా పుట్టి పూలకుండీల పీటనయ్యానే అని అప్పుడు ఎంత కుమిలిపోయానో చెప్పలేను.

అక్కడికి ఒకరోజు పొద్దున్నే ముగ్గురు వచ్చారు. తవిటయ్య, అతని భార్య నూకాలు, మావ పోలయ్య. భీమిలి అవతల ఒక జాలరి పేట వాళ్లది.

తవిటయ్య ఒకప్పుడు కెరటాల్ని చదివే మనిషని పేరు. మూడేళ్ల కిందట వల లాగుతుంటే తాడు కుడిచేతికి చుట్టుకుని భుజం లాగేసింది. చెయ్యి ఉంది గానీ ఛాతీ దాటి పైకి లేవదు. తెడ్డు వెయ్యలేడు, వల లాగలేడు. ఏ పడవవాళ్లూ ఎక్కించుకోలేదు. పాపం, వాళ్ల తప్పూ లేదు. ఒక రిసార్టు గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వచ్చే కార్లకి ఎడం చేత్తో సలాం కొట్టడం ఉద్యోగం. సముద్రం వీపు వెనకే ఉంటుంది, గేటు మాత్రం రోడ్డు వైపు. అక్కడే ఒకరోజు అతిథులు నాలాంటి పడవ తొక్కుతూ రెండు చేతుల్తో ఫోన్లు పట్టుకుని నవ్వుకోవడం చూశాడు. వాళ్ల నవ్వులు అతనికి పట్టలేదు. చేతుల్తో పనిలేకుండా పడవ నడవడం పట్టింది. ఆ రాత్రి అన్నం తినలేదట.

దుకాణంలో మేం మూడు పడవలం ఉన్నాం. ఎర్రది సన్నగా, పొడుగ్గా, మహా వేగం. నీలంది కొత్తది, కింద ఫ్యాను తిరిగి నడుస్తుంది. మూడోదాన్ని నేను, కరివేపాకు వాసనతో. దుకాణదారుడు ఎర్రదాని వేగం గురించి, నీలందానికున్న కాఫీ గ్లాసు పెట్టుకునే గుంట గురించి చాలాసేపు చెప్పాడు. తవిటయ్య ఊ కొడుతూనే ఇసకలో బోర్లా పడుకుని మా పొట్టలు చూడటం మొదలుపెట్టాడు. ఎర్రది తెడ్డుతో నడిచేది, దాన్ని వదిలేశాడు. నీలందాని ఫ్యాను జానెడు కిందికి వేలాడుతోంది. ఒడ్డుకొచ్చేటప్పుడు ఇది నేలకి తగలదా అని అడిగాడు. పైకి లాగేసుకోవచ్చు, ఇదిగో పిడి అన్నాడు దుకాణదారుడు. పిడి కుడివైపు, భుజమంత ఎత్తున ఉంది. తవిటయ్య దాన్నొకసారి చూసి నా దగ్గరికి వచ్చాడు.

నా పెడళ్లలో ఒకదాన్ని కాలితో ముందుకి తోసి ఉంచాడు. నా రెక్కలు రెండూ పొట్టకి బల్లిలా అంటుకుపోయాయి. వెనక చుక్కాని తిప్పే పిడి కోసం వెతికాడు. అది ఎడమవైపు ఉంది. ఎక్కి నిలబడ్డాడు, అటూ ఇటూ ఊగాడు. వెడల్పుదాన్ని కదా, నేను కదల్లేదు. అతని మొహంలో మూడేళ్లుగా లేని వెలుగు వచ్చిందని తరవాత నూకాలు ఎవరితోనో అంటుంటే విన్నాను. నాకు ఆ ముందటి మొహం తెలీదు. నేను చూసిన మొహం మాత్రం మళ్లీ మరవలేదు.

డబ్బు ఎలా సమకూరిందో నన్నడక్కండి, నూకాలుకే తెలియాలి. ఎండుచేపలు అమ్మే మనిషి, మాట ఖచ్చితం. అక్కడే, దుకాణం ముందే మొగుణ్ణి ఆపింది.

"ఒక్క పాలి ఎల్లు. కెరటం నిన్ను తోసిందా, మల్లీ జన్మలో సముద్రం మాట ఎత్తకూడదు. గంగమ్మ మీద ఒట్టెయ్యి."

భయంతో అడిగిన ఒట్టే గానీ కోపంతో కాదు. తవిటయ్య నా వైపు చూసి ఒట్టేశాడు. అలా ఒక మనిషి బతుకంతా ఒక్క పొద్దుటి మీద, నా మీద పెట్టారు. కుండీలు మోసిన దానికి ఇదెంత బరువో ఆలోచించండి.

ఇక పోలయ్య సంగతి. ఆ ముసలాయన ఒకప్పుడు చెక్కపడవల సందులు మూసే పనివాడు. గుగ్గిలం నూనెలో కాచి, కొబ్బరిపీచు దట్టించి పూశాడంటే చుక్కనీరు దిగేది కాదట. ఫైబరు పడవలు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్లు లేరు. పదిహేనేళ్లుగా ఉలి, సుత్తి మూటకట్టి చూరులో పెట్టుకున్నాడు. నన్ను పేటకి తెచ్చిన రోజు, అల్లుడు గేటు డ్యూటీకి వెళ్లాక, నన్ను తిరగేసి చూశాడు. ఒక కన్నం కనిపించింది. వేలు పెట్టాడు. వేలు అవతలికి వచ్చింది. అలా ఎనిమిది.

పోలయ్య తల పట్టుకు కూర్చున్నాడు. చెయ్యి లేవనివాడని చూసి అల్లుణ్ణి దుకాణదారుడు మోసం చేశాడనుకున్నాడు. చెబితే అల్లుడి మనసు విరుగుతుందని ఎవరికీ చెప్పలేదు. మూట దింపి, పొయ్యి రాజేసి, గుగ్గిలం కాచాడు. ఒక్కో కన్నంలో పీచు దట్టించి, పోసి, బొటనవేలితో నునుపు చేశాడు. ఆ చేతుల పనితనం ఏం చెప్పను! ఫ్యాక్టరీలో కూడా నన్నంత ప్రేమగా ఎవరూ ముట్టుకోలేదు. ఆ కన్నాలు నీళ్లు లోపలికి రావడానికి కాదు తాతా, పైన పడ్డ నీళ్లు కిందికి పోవడానికి అని అరవాలనిపించింది. పడవలకి నోరివ్వలేదు ఆ దేవుడు.

తవిటయ్య సాయంత్రం వచ్చి చూశాడు కూడా. మావ చేతిపని గుర్తుపట్టి మురిసిపోయాడు. వీళ్ల రక్తంలోనే ఉంది మరి. కన్నమున్న పడవని చూసి ఊరుకునే జాలరి ఎక్కడైనా ఉంటాడా?

మర్నాడు నా ముక్కుకి పసుపు రాసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టి సముద్రంలోకి తోశారు. పేటంతా ఒడ్డున ఉంది. తవిటయ్య కెరటాలు లెక్కపెట్టి, పెద్దవి పోనిచ్చి, సరైన అదనులోనే తొక్కాడు. అతని లెక్క తప్పలేదు. కానీ మొదటి కెరటం విరిగి నా ఒడి నింపింది. ఆ నీళ్లకి దారి లేదు. నేను తొట్టినైపోయాను. నీళ్లన్నీ ఒక పక్కకి ఒరిగాయి, నేనూ ఒరిగాను, రెండో కెరటం వచ్చి ఇద్దర్నీ తిరగేసింది. తవిటయ్యకి దెబ్బ తగల్లేదు. ఒడ్డున ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ బాధ. అతను లేచి, నన్ను లాక్కొచ్చి వలల పాక పక్కన పెట్టి, తడిబట్టల్తోనే గేటు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ రోజు నేను అనుభవించిన సిగ్గు బాల్కనీలో రెండేళ్లు కూడా అనుభవించలేదు.

మూడో రోజు నూకాలు పాక దగ్గర చేపల గంప కడుగుతోంది. గంప ఎత్తగానే సందుల్లోంచి నీళ్లు జరజరా కారిపోయాయి. నా వైపు చూసింది. నా ఒళ్లో మొన్నటి సముద్రం ఇంకా అలాగే ఉంది. మళ్లీ గంప వైపు చూసింది. చేపలు కోసే కత్తి తీసుకుని వచ్చి ఒక కన్నంలో గుగ్గిలం పెళ్లగించింది. గుడగుడమని నీళ్లు పోయాయి. వంగి, నా డొల్లలోకి చుక్క కూడా దిగలేదని నా పొట్ట తట్టి చూసుకుంది. అంతే, కూలబడి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

పోలయ్య అక్కడే ఉన్నాడు. మొహం నల్లబడిపోయింది. పదిహేనేళ్ల తరవాత చేసిన ఒక్క పనీ ఇలా అయిందా అని తన చేతుల వైపు చూసుకున్నాడు. నూకాలు తండ్రి చేతికి ఉలి ఇచ్చింది. మిగతా ఏడూ ఆయనే తీశాడు. సాయంత్రం అల్లుడు వస్తే ఎదురెళ్లి తన తప్పు తనే చెప్పాడు.

తవిటయ్య మావని ఒక్క మాట అనలేదు. ఒట్టు ఒట్టేగా అన్నాడు, అంతే. నూకాలు అడ్డం వచ్చింది.

"నిన్ను తోసింది సముద్రం కాదు, మా అయ్య గుగ్గిలం. ఆ ఒట్టు కెరటానికి గానీ గుగ్గిలానికి కాదు. గంగమ్మ అడిగితే నాను సెప్పుకుంటాను. రేపు ఎల్లు."

ఆ రేపు నాకిప్పటికీ నిన్నలా ఉంది. ఈసారి ఒడ్డున పెద్దగా జనం లేరు. అతను ఇసకలో నిలబడి పెద్ద కెరటాలు లెక్కపెట్టాడు. ఆఖరిది విరగ్గానే నన్ను తోసి, ఎక్కి, తొక్కాడు. కెరటం వచ్చి నా ఒడి నింపింది. నింపిన నీళ్లు ఎనిమిది కన్నాల్లోంచి దబదబా దిగిపోయాయి. ఇంకోటి వచ్చింది. అదీ దిగిపోయింది. మూడోదాన్ని మధ్యకి చీల్చుకుని వెళ్లాం. ఆ తరవాత నీళ్లు నున్నగా, ఆకుపచ్చగా మా ముందు పరుచుకున్నాయి. తవిటయ్య తొక్కడం ఆపి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఏడుస్తున్నాడేమో, సముద్రం మీద ఉప్పునీళ్లు ఎవరివో ఎలా చెప్పడం?

రాతిబండల దగ్గర ఎడం చేత్తో గాలం వేశాడు. మూడోసారికి తాడు ఝుమ్మని బిగిసింది. కోనెం చేప! దాదాపు అతని కాలంత పొడుగుంది. నన్ను గుండ్రంగా తిప్పేసింది. రెండు చేతులున్నవాడు తాడు లాగుతాడు. తవిటయ్య తాడుని పెడలు కమ్మీకి చుట్టి, ఎడం చేత్తో పట్టుకుని, చేప ఎటు పోతే అటు కాళ్లతో తొక్కుకుంటూ వెళ్లాడు. అది అలిసేదాకా ఇద్దరం దాని వెనకే ఉన్నాం. చివరికి అదే వచ్చి నా పక్కకి ఒరిగింది. దాన్ని ఒళ్లోకి లాగినప్పుడు కుడిచెయ్యి కూడా కొంచెం సాయం చేసింది.

ఒడ్డుకి వచ్చేటప్పుడు పెడలు ముందుకి తోసి ఉంచాడు. నా రెక్కలు పొట్టకి అంటుకున్నాయి. ఒక మంచి కెరటం ఎంచుకుని దాని వీపు మీద కూర్చుని నేరుగా ఇసక మీదికి దిగాం. నన్ను పడవ కాదన్న పెద్దలిద్దరు వచ్చి చేప పొడుగు జానలతో కొలిచి, నన్ను మెట్టకి లాగడానికి చెయ్యి వేశారు. పేటలో పడవకి ఇచ్చే మర్యాద అది. నూకాలు చేపని చూడలేదు. మొగుడి మొహమే చూసింది.

గేటు దగ్గర కుర్చీలో ఇప్పుడు ఇంకెవరో సలాం కొడుతున్నారు. నా పసుపు రంగు ఎండకి వెలిసింది, పొట్ట నిండా గీతలే. కన్నాల అంచుల్లో పోలయ్య గుగ్గిలం మరకలు మాత్రం ఇంకా పోలేదు. పోకూడదనే నా కోరిక.

పేటకి నాలాంటివి మరో మూడు వచ్చాయి. ఎవరు ఎంచుకోవడానికి వెళ్లినా పోలయ్యని వెంటబెట్టుకుని వెళతారు. దుకాణదారుడు వేగం గురించి, కాఫీ గ్లాసు గుంట గురించి చెబుతుంటే ముసలాయన పడవని బోర్లా వేసి వేలితో కన్నాలు లెక్కపెడతాడు. మొన్న ఒకదాన్ని తిరగేసి, అటూ ఇటూ తడిమి, లేచి చేతులు దులుపుకున్నాడట.

"కన్నం ఒక్కటీ నేదు బాబూ. మంచి పడవుంటే సూపించండి."