ఆర్పేసిన అగరుబత్తి

మా సనుకి సీమలో నదులు పేరుకే. చెరువు అడుగంటిన ఏడాది నీళ్లు అగరుబత్తి లెక్కన పంచుకుంటాం. ఒక్కో పొలానికి ఒక బత్తి. అది కాలినంతసేపే తూము తెరిచి ఉంటుంది. కాలిపోగానే నేను డోలు కొడతాను. ముప్పై ఏళ్లుగా బత్తి కాపలా నాదే. అందరి తర్వాతే నా వంతు తీసుకుంటానని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

కాలువ చివరి పొలం కినుయోది. మొగుడు పోయాక ఒంటరిగా సాగు చేస్తోంది. ఆ ఏడు వరి పొట్టకొచ్చే వేళకి ఆమెకు మిగిలింది ఒక్కటే వంతు. ఆ తడి అందకపోతే పంట లేనట్టే.

"బాబాయ్, నీళ్లు నా మడికి చేరేసరికే సగం బత్తి అయిపోతోంది. చేరాక వెలిగించరాదూ?" అని అడిగింది.

"అందరికీ ఒకటే బత్తి. నీకోసం కట్టుబాటు మార్చమంటావా?" అని కసిరాను.

మళ్లీ అడగలేదు. నీళ్లు వదలని రోజుల్లో చెరువు అడుగునుంచి బంకమన్ను మోసుకొచ్చి, కాలువ అడుగున పరిచి, కాళ్లతో తొక్కడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మాయ్, కాలువకి పరుపేస్తున్నావా? దుప్పటి మర్చిపోకు!" అన్నాడు పక్క పొలం కమేజో.

"నీళ్లు పడుకోడానిక్కాదన్నా, పరిగెత్తడానికి" అంది.

తొమ్మిదో రోజు నా పొలం దగ్గరికొచ్చింది. "ఇక్కడా తొక్కుతాను బాబాయ్. ఇక్కడే ఎక్కువ ఇంకిపోతోంది."

ఎంత కరువొచ్చినా కాలువ పక్కన నా మూడు మళ్లు పచ్చగానే ఉండేవి. మా తాత వేసిన ఎరువు చలవ అనుకునేవాణ్ణి; అది కాలువలోంచి ఇంకిన నీళ్ల చలవని అప్పుడే తట్టింది. అక్కడ కాలువ బాగోగులు నావే. వద్దంటే ఆమె చేసేదేమీ లేదు.

"సరే, కానియ్" అన్నాను, ఆమె ముఖం చూడలేక.

వంతు రోజు పొద్దున్నే తూము తెరిచి, చెక్కపెట్టెలో బత్తి వెలిగించాను. మూడోవంతు మిగిలి ఉండగానే కినుయో గట్టు మీద పరిగెత్తుకొచ్చింది.

"ఆర్పెయ్ బాబాయ్, చాలు. నెర్రెలు మూసుకున్నాయి. మడి నిండక్కర్లేదు, తడిస్తే చాలు."

ముప్పై ఏళ్లలో బత్తి ఆర్పమన్న మనిషిని చూడలేదు. ఆమే మట్టివేళ్లతో నలిపేసి, మిగిలిన ముక్క నా చేతిలో పెట్టింది.

"తర్వాతి వంతు నీదేగా. ఇది కూడా కలుపుకో. ఆ మూడు మళ్లకీ ఇక నీళ్లు పెట్టుకోవాలి కదా."

అంతా తెలిసే అడిగిందన్నమాట. ముప్పై ఏళ్లు ఆ ఇంటి నీళ్లు తాగిన నా మళ్లకి, మళ్లీ ఆమె ఇచ్చిన నీళ్లే పెట్టాను. ఆ రోజు సిగ్గుతో డోలు కొట్టడం కూడా మర్చిపోయాను.