కోర్టు మెట్ల ముందు చీమకుర్తి రాయి

నేను ఒక నల్లరాతి పలకను. ఒట్టి నలుపు కాదు, ఎండ పడితే ఒళ్లంతా బంగారు రవ్వలు మెరుస్తాయి. పుట్టిల్లు ప్రకాశం జిల్లా చీమకుర్తి. ఇది గొప్పకు చెప్పడం లేదు, నన్ను చూసినవాళ్లెవరైనా ఒప్పుకునే మాటే.

మా వాళ్లు లోకమంతా ఉన్నారు. కొందరు వంటింటి గట్లయ్యారు, కొందరు బ్యాంకుల్లో నేలగా పరుచుకున్నారు, కొందరు సమాధుల మీద నిలబడ్డారు. అందరిలోకీ దురదృష్టవంతులు శిలాఫలకాలైనవాళ్లు. వాళ్ల మీద మంత్రిగారి పేరు ఉంటుంది, వెనక కట్టడం ఉండదు. నాకా గతి పట్టకూడదని కోరుకునేదాన్ని.

నన్ను క్వారీ లోంచి కోసి తీసే రోజున మేస్త్రీ మాలకొండయ్య పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టాడు. "అమ్మా, పగుళ్లు లేకుండా బయటికి రా తల్లీ. నీ పుణ్యాన మా పిల్లకాయలు నాలుగు మెతుకులు తింటారు" అని దణ్ణం పెట్టుకున్నాడు. అతనికి నావల్ల కావలసింది అంతే, దాన్ని దాచుకోనూ లేదు. ఆ తరవాత చాలామంది నా ముందు చేతులు జోడించారు గానీ, ఏం కావాలో అంత నిజాయితీగా చెప్పినవాళ్లు తక్కువ.

కృష్ణపట్నం రేవులో ఓడెక్కి అమెరికా దక్షిణాదిలో ఒక రాళ్ల షెడ్డుకు చేరాను. నన్ను కొన్న మనిషి పేరు క్లైడ్ గెంట్రీ. అతనికి ట్రాక్టర్ల షాపుంది, టార్వర్ కౌంటీ బోర్డుకు ఛైర్మన్ కావాలని కోరిక ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, ఛైర్మన్ అంటే మన జిల్లా పరిషత్ ఛైర్మన్ అనుకోండి. ఆ షెడ్డులో అక్కడి నేలలో పుట్టిన బూడిదరంగు రాయి కూడా ఉంది. పెద్దమనిషి, గట్టిది. కానీ ఫొటోలో నేనే బాగా పడతానని క్లైడ్ నన్ను ఎంచుకున్నాడు.

నా మీద బైబిల్లో మోషేకు దేవుడిచ్చిన పది ఆజ్ఞలు చెక్కించారు. అట్టడుగున దాత పేరు కూడా చెక్కించారు. ఆజ్ఞల అక్షరాలకన్నా దాత అక్షరాలు కాస్త పెద్దవి. అది చూశాక శిలాఫలకాలైన నా తోబుట్టువుల మీద జాలి మానుకున్నాను.

టార్వర్ కోర్టు మెట్ల ముందు పచ్చిక మీద నన్ను నిలబెట్టారు. నా వీపున 'ఇండియాలో తయారైనది' అన్న కాగితం ముక్క ఇంకా అంటుకుని ఉంటే, ఒక పనివాడు గోటితో గీకి జేబులో వేసుకున్నాడు. కాసేపటికి క్లైడ్ మైకు పట్టుకున్నాడు. "ఈ రాయి మన నేల కన్న రాయి. మన తాతల విశ్వాసంలాగే ఇక్కడే పుట్టింది, ఇక్కడే ఉంటుంది" అన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు నవ్వొచ్చింది కానీ రాయిని కదా, బయటపడలేదు.

అతను గెలిచాడు. నావల్లే గెలిచాడని అందరూ అన్నారు, నేనూ కాదనలేదు. మన దగ్గర నామినేషన్ వేసే ముందు నాయకుడు గుడికెళ్లి వస్తాడు. అక్కడ నాయకుడు దేవుణ్ణే వెంటబెట్టుకుని ఊరంతా తిరుగుతాడు. రోడ్డు వేసినా, పన్ను పెంచినా, కుక్కలకు లైసెన్సు పెట్టినా, క్లైడ్ నా పక్కన నిలబడి ఫొటో దిగి, ఇది దేవుడి చిత్తం అనేవాడు. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. టార్వర్‌లో దేవుడి ఆజ్ఞ లేనిదే మురుగుకాలవ కూడా తవ్వేవారు కాదు.

ఇక మార్లీన్ టటిల్ గురించి చెప్పాలి. కౌంటీ ఆఫీసులన్నీ ఉండే ఆ కోర్టు భవనంలోనే ఆమెది ఎన్నికల విభాగం. ఓటర్ల జాబితా, ఓటింగు యంత్రాలు, పోలింగు సిబ్బంది, అన్నీ ఆమె చేతి మీదుగా నడిచేవి. ఒకప్పుడు స్కూలు బస్సు నడిపిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. క్లైడ్ వెళ్లే చర్చికే ఆమె కూడా వెళ్లేది, అక్కడ ఆదివారం పిల్లలకు పాఠం చెప్పేది. ఆ పాఠమే ఆమెకు ప్రాణం. మధ్యాహ్నం నా నీడలో కూర్చుని సాండ్‌విచ్ తింటూ, వచ్చే ఆదివారానికి రంగుకాగితాలతో గొర్రెపిల్లల్ని కత్తిరించుకునేది. నా మీద ఉన్నది పూర్తిగా చదివిన మనిషి కోర్టు మొత్తానికి ఆమె ఒక్కతే అని నేను రూఢిగా చెప్పగలను.

రెండోసారి ఎన్నికలొచ్చాయి. పోలింగు కోర్టు హాల్లోనే. ఓటర్ల వరస మెట్లు దిగి, నా పక్కనుంచి వీధి దాకా సాగింది. పోలింగు చోటికి ఇంత దూరంలోపు ప్రచారం కూడదని చట్టం. మార్లీన్ పొద్దున్నే వచ్చి పచ్చిక మీద తెల్లరంగుతో గీత కొట్టించింది. నేను గీతకు లోపలే పడ్డాను.

క్లైడ్‌కు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే ప్రచారానికి రాలేదు, ప్రార్థనకు వచ్చాడు. వెంట పాతికమంది మగవాళ్లు. అందరి తలల మీదా నీలం టోపీలు, టోపీల మీద తెల్లటి అక్షరాల్లో 'గెంట్రీ'. నా చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. క్లైడ్ నా భుజం మీద చెయ్యేసి, ఈ కౌంటీని దుర్మార్గుల చేతిలో పడకుండా కాపాడు ప్రభువా అని గట్టిగా మొదలుపెట్టాడు. వరసలో ఉన్న ఓటర్లందరికీ వినిపిస్తోంది. కొందరు ఆమెన్ అన్నారు, కొందరు తలలు తిప్పుకున్నారు.

మార్లీన్ మెట్లు దిగి వచ్చింది. ఆ గుంపులో సగంమంది మగవాళ్ల పిల్లలు ఆమె దగ్గరే పాఠం నేర్చుకుంటున్నారు. ఆ రోజు నోరు విప్పితే ఏం పోతుందో ఆమెకు తెలుసు. ఉద్యోగం పోతే పోయింది, ఆ ఆదివారం క్లాసు కూడా పోతుంది.

"క్లైడ్, గీత అవతలికి వెళ్లండి" అంది.

"మేం ప్రార్థన చేసుకుంటున్నాం మార్లీన్. ప్రార్థన ఆపిస్తావా నువ్వు? అందరూ చూస్తున్నారు, ఆ మాట నీ నోటితో చెప్పు."

ఫోన్లు లేచాయి. మార్లీన్ టోపీల వైపు చూసింది. తరవాత మెల్లగా అంది.

"మీ నాన్న, మా నాన్న చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. టోపీ పెట్టుకుని వాళ్లు ప్రార్థన చెయ్యడం ఎప్పుడైనా చూశావా?"

క్లైడ్ చెయ్యి నా భుజం మీదినుంచి జారింది.

"ఇది ప్రార్థనైతే టోపీ తియ్యి, నేనూ మీతో నిలబడతాను. ప్రచారమైతే గీత అవతలికి నడువు."

ఆ అమెరికా దక్షిణాదిలో మగవాడు దేవుడి ముందు తల కప్పుకోడు. పాలుతాగే పిల్లాడికి కూడా తెలిసిన సంగతి అది. ఇంతమందికీ టోపీ మీద పేరు ముఖ్యమైపోయి, కింద తల ఉందన్న మాటే మరిచారు. ముందు ఒక ముసలి రైతు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. తరవాత ఇంకొకాయన, ఇంకొకాయన. చివరికి క్లైడ్ కూడా తీశాడు. అన్నమాట ప్రకారం మార్లీన్ వచ్చి వాళ్ల మధ్య నిలబడి కళ్లు మూసుకుంది. ప్రార్థన ముందుకు సాగాలి కదా, క్లైడ్ దుర్మార్గుల ఊసు మళ్లీ ఎత్తలేదు. ఒట్టి ఆమెన్ అని ముగించాడు. ఆ రోజు నాకు మార్లీన్‌ను చూసి ఎంత గర్వమేసిందో చెప్పలేను. చీమకుర్తి వదిలాక ఒక మనిషి మీద మనసు పడింది అదే మొదటిసారి.

క్లైడ్ మళ్లీ గెలిచాడు. లోకంలో అలాగే జరుగుతుంది. కొత్త బోర్డు మార్లీన్‌ను ఉద్యోగంలో కొనసాగించలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మనవాళ్లు అంటారే, చర్చిలో ఆమెను అలాగే చూశారు. క్లాసు కొత్తవాళ్లకు ఇస్తున్నాం, మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి అన్నారట. వస్తువుల పెట్టె తెచ్చుకోవడానికి ఆమె కోర్టుకు వచ్చినప్పుడు గుమస్తాతో ఆ మాట చెబుతూ నా పక్కన నిలబడి ఏడ్చింది. ఉద్యోగం మాట ఒక్కటీ అనలేదు.

తరవాత కొంతకాలానికి, ప్రభుత్వ స్థలంలో మతానికి సంబంధించిన నన్ను ఉంచకూడదని ఊళ్లోవాళ్లే కొందరు దావా వేశారు. న్యాయమూర్తి తీసెయ్యమన్నాడు. క్రేను వచ్చిన రోజు క్లైడ్ కెమెరాల ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. నన్ను తన షాపు ముందు పెట్టుకోమని ఎవరో అంటే మాత్రం, ట్రాక్టర్లకు చోటు చాలడం లేదన్నాడు. అలా రోడ్ల శాఖ యార్డుకు చేరాను. అటు తూముల గొట్టాలు, ఇటు తుప్పుపట్టిన గడ్డికోత యంత్రాలు. పక్కనే స్కూలు బస్సుల గరాజు. మార్లీన్ మళ్లీ బస్సు నడుపుతోంది. స్కూళ్ల శాఖ వేరు, అక్కడిదాకా క్లైడ్ చెయ్యి సాగదు.

ఒక సాయంత్రం ఆమె బస్సు ఇంజిన్ వేడెక్కితే పిల్లలతో సహా యార్డులోకి తెచ్చి ఆపింది. ఇంకో బస్సు వచ్చేదాకా పిల్లలు కిందికి దిగారు. వాళ్లలో ఆమె పాత క్లాసువాళ్లూ ఉన్నారు. నన్ను చూసి పరిగెత్తుకొచ్చి అక్షరాల్లో వేళ్లు పెట్టి తడిమారు.

"మిస్ మార్లీన్, ఇందులో మొదటిది ఏమిటి? చెప్పండి. మునుపు చెప్పేవారు కదా" అంది ఒక పిల్ల.

చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆమె కోల్పోయిన క్లాసు తనంతట తానే నడిచి వచ్చి చెయ్యి పట్టుకుంది. చెప్పు తల్లీ అని నేను లోపల్లోపల అరిచాను. మార్లీన్ ఆ పిల్ల ముందు వంగింది.

"ఇప్పుడు నేను సర్కారు స్కూలు బస్సు డ్రైవర్నమ్మా. ఈ పాఠం నేనిక్కడ చెప్పకూడదు. ఆదివారం మా ఇంటి వరండాలో ఉంటాను. మీ అమ్మావాళ్లను అడిగి, సరేనంటే రండి. వద్దంటే రాకండి" అంది. అని, కళ్లు తుడుచుకోవడానికి బస్సు వెనక్కి వెళ్లింది. ఇతరులకు గీసిన గీత తనకూ గీసుకునే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

ఆదివారం యార్డుకు సెలవు. నాకేం తెలుస్తుంది? సోమవారం పొద్దున బస్సు నా పక్కగా వచ్చింది. కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, నావైపు వేళ్లు చూపిస్తూ, పిల్లలు ఒకరిని మించి ఒకరు నా మీది వాక్యాలు మొదటినుంచీ అప్పజెబుతున్నారు. స్టీరింగు ముందు మార్లీన్ ఏమీ విననట్టే రోడ్డు మీద చూపు పెట్టి బస్సు పోనిచ్చింది.